ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్

హైదరాబాదు నగరములో మూసీనదికి ఉత్తరపు దరిని కోఠి యను ప్రదేశమున్నది. కోఠి యనగా పెద్ద మేడ యని యర్థము. ఆంగ్లేయ ప్రభుత్వ ప్రతినిధియగు రెసిడెంటు నివసించుటకై పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరములలో, జేమ్సు అకిలిస్ కిర్క్‌పాట్రిక్ కాలమున, అచ్చట నొక మహాభవనము నిర్మింపబడెను. దానినిబట్టియే ఆ ప్రాంతమునకు ఆ పేరు కలిగినది. నేడా భవనము మహిళా విశ్వవిద్యాలయపు ఆవరణలో నున్నది. దాని చెంతనే సుల్తాను బజారు; ఒకవైపున ఆబిడ్సు, దానికావల నాంపల్లి; మరియొకవైపున కాచిగూడ. కాలినడకను చుట్టి రాదగిన ఈ కొద్దిపాటి నేలలోనే హైదరాబాదు సంస్థానపు ప్రజాజీవితము చాలవరకు కన్ను తెరచినది.

దీనికొక కారణము కలదు. నైజాము పాలనలో సభ జరుపుటకుగాని, పత్రిక నడుపుటకుగాని సర్కారువారి యనుమతి కావలెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు సభలను మరింత కట్టుదిట్టము చేసెను. కాని రెసిడెన్సీ చుట్టునున్న బజారులు 1933 వరకు ఆంగ్లేయుల యధికారములో నుండెను. అచ్చట నైజాము ఉత్తరువులు అంతగా సాగవు. అందుచేత గ్రంథాలయములు, పాఠశాలలు, సమాజములు ఆ నీడన చేరినవి. 1901లో స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము అట్టివానిలో నొకటి. పిమ్మట పత్రికలు వచ్చినవి. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు తెలుగున ‘గోలకొండ పత్రిక’ను నెలకొల్పిరి. 1927లో మందుముల నరసింగరావుగారు ఉర్దూ భాషలో ‘రయ్యత్’ అను పత్రికను ప్రారంభించిరి. రయ్యత్ అనగా రైతు, ప్రజ.

తెలుగువాడైన నరసింగరావుగారు ఉర్దూలో పత్రిక నడుపుట నేటివారికి వింతగా తోచవచ్చును. ఆ కాలమున సంస్థానమునకు రాజభాష ఉర్దూ. కచ్చేరీలలోను, న్యాయస్థానములలోను అదియే. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున వైద్యము మొదలు గణితము వరకు ఆ భాషలోనే బోధించుచుండిరి. ప్రభుత్వపు చెవిని పడవలెనన్న ఉర్దూలోనే వ్రాయవలెను. భాష ఏ యొక్క మతమువారి సొత్తును కాదు. ఏలువారిని పొగడుటకు ఉపయోగించిన భాషయే వారిని ప్రశ్నించుటకును ఉపయోగపడును. ఆ భాషలో వ్రాసి, ఆ వ్రాతకై ప్రాణము లర్పించిన ఒక యువకుని చరిత్రము ఈ పాఠమున చెప్పుచున్నాము.

షోయబుల్లా ఖాన్ 1920వ సంవత్సరము అక్టోబరు మాసమున, నాటి వరంగల్లు జిల్లాలోని సుబ్రవేడు గ్రామమున జన్మించెను. తండ్రి హబీబుల్లా ఖాన్ నైజాము రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. మానుకోట యని పిలువబడు మహబూబాబాదు రైలు నిలయమున ఆయన పనిచేయుచుండెడివాడు. రైలులో పోవుచున్న గాంధీమహాత్ముని దర్శించిన తండ్రి, తన కుమారుని మొగమున ఆ పోలిక కలదని మురిసి, బిడ్డను ‘షోయబుల్లా గాంధీ’ యని ముద్దుగా పిలిచెడివాడని చెప్పుదురు. ఆ మాట యెట్లున్నను, పెరిగిన పిదప ఆ యువకుడు సత్యమునందు చూపిన పట్టుదల ఆ పేరునకు తగియే యుండెను.

షోయబుల్లా హైదరాబాదు వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడయ్యెను. ఆ రోజులలో ఉస్మానియా పట్టము పొందిన ముస్లిం యువకునకు సర్కారు కొలువు దొరకుట కష్టము కాదు. పోలీసు శాఖలో పనిచేసిన తండ్రి కుమారుడు ఆ త్రోవనే పోయినచో ఎవరును తప్పుపట్టరు. నెలనెలా జీతము, కచ్చేరీలో కుర్చీ, ముసలితనమున పింఛను లభించెడివి. షోయబుల్లా ఆ త్రోవను విడిచి ‘తేజ్’ అను ఉర్దూ వారపత్రికలో చేరెను. జీతము స్వల్పము; పని పగలురేయి; పై నుండి సర్కారువారి కన్ను.

ఆ కాలపు ఉర్దూ పత్రికల పని యెట్టిదో కొంచెము తెలిసికొనవలెను. తెలుగు అక్షరములవలె ఉర్దూ అక్షరములను అచ్చు దిమ్మెలలో పోతపోయుట సులభము కాదు. అందుచేత సంపాదకుడు వ్రాసిచ్చిన విషయమును కాతిబు అను లేఖకుడు అందమైన దస్తూరితో కాగితముపై వ్రాయును. ఆ వ్రాతను రాతిపలకపై కెక్కించి అచ్చు తీయుదురు. వార్త వచ్చినది మొదలు పత్రిక వెలువడువరకు ఈ పని రాత్రి చాల ప్రొద్దుపోవునంతదాక సాగుచుండును. తెల్లవారునప్పటికి పత్రిక బజారున నుండవలెను గదా! సంపాదకుడు ఇల్లు చేరుసరికి అర్ధరాత్రము దాటుట వాడుక.

తేజ్ పత్రికలో షోయబుల్లా వ్రాసిన విమర్శలు ఏలినవారికి రుచింపలేదు. పత్రిక నిషేధింపబడెను. అప్పుడు నరసింగరావుగారు ఆయనను రయ్యత్ పత్రికకు పిలిచిరి. అచ్చటను ఆయన కలము మెత్తబడలేదు. కొంతకాలమునకు రయ్యత్ కూడ నిషేధమునకు గురియయ్యెను. ఒక పత్రిక మూతపడినంతనే పలువురు వేరు వృత్తిని వెదకుకొందురు. రెండు పత్రికలు మూతపడుట చూచిన షోయబుల్లా తానే మూడవ పత్రికను పెట్టుటకు నిశ్చయించెను. ఇంటిలోని నగలమ్మి కొంత ధనము కూర్చెనని చెప్పుదురు. బూర్గుల రామకృష్ణారావుగారు తోడ్పడిరి. ఆయనయే తరువాత 1952లో హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి యయ్యెను. ఇట్లు 1947 నవంబరు 15వ తేదీన ‘ఇమ్రోజ్’ దినపత్రిక జన్మించెను. ఇమ్రోజ్ అను పారశీక పదమునకు ‘నేడు’ అని యర్థము.

ఆ ‘నేడు’ ఎట్టిదో గ్రహించిననే ఆ పత్రిక చేసిన పని మనకు బోధపడును. 1947 ఆగస్టు 15న భారతదేశము స్వతంత్రమయ్యెను. కాని హైదరాబాదు స్వతంత్రముగా నుండునని నైజాము ఆ జూన్ మాసముననే ఫర్మానా వెలువరించియుండెను. స్వామి రామానందతీర్థ నాయకత్వమున స్టేట్ కాంగ్రెసు భారత యూనియనులో చేరవలెనని ఉద్యమము సాగించుచుండెను. నల్లగొండ, వరంగల్లు మండలములలో రైతులు జమీందారుల దౌర్జన్యముపై తిరుగబడియుండిరి. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వమునకును నైజామునకును నడుమ ఒక సంవత్సరపు యథాతథపు టొడంబడిక కుదిరెను. పిదప మీర్ లాయఖ్ అలీ ప్రధానమంత్రి యయ్యెను. ఇంతలో ఖాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లను దండు పెరిగెను. రజాకారు అనగా స్వచ్ఛందసేవకుడని యర్థము. పేరు సేవకు, చేతిలో నున్నది ఆయుధము. వారు పల్లెలమీద పడి దోచిరి, ఇండ్లు కాల్చిరి, ప్రాణములు తీసిరి. అనేక కుటుంబములు కట్టుబట్టలతో సరిహద్దు దాటి కృష్ణా, గుంటూరు మున్నగు జిల్లాలలో తలదాచుకొనెను.

అట్టివేళ ఇమ్రోజ్ మూడు మాటలను పదేపదే చెప్పెను. హైదరాబాదు భారత యూనియనులో చేరవలెను. ప్రజలకు బాధ్యత వహించు ప్రభుత్వ మేర్పడవలెను. హిందువులు, ముస్లిములు ఒకే నేల బిడ్డలై మెలగవలెను. ఈ మాటలు హిందువు చెప్పినచో ‘పరాయివాడు’ అని త్రోసివేయుట రజ్వీకి సులభము. ముస్లిం సంపాదకుడు, ఉర్దూలో, ముస్లిముల ముందే చెప్పుచుండుటచేత ఆయన నోరు మూయించుట వారికి అగత్యమయ్యెను.

1948 జనవరిలో ఇమ్రోజ్ పత్రికలో ‘పగటి ప్రభుత్వము, రాత్రి ప్రభుత్వము’ అను భావము గల శీర్షికతో ఒక వ్యాసము వెలువడెను. ఆ శీర్షికలోనే అభియోగమంతయు నిమిడియున్నది. పగలు మంత్రులు కచ్చేరీలలో కూర్చుండి శాంతిభద్రతలను గూర్చి పలుకుదురు. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఊళ్లను ఏలువారు రజాకార్లు. ఈ రెండును ఒక్కటియేనా, వేరా? వేరైనచో మొదటి ప్రభుత్వము రెండవదాని నేల యణచదు? ఒక్కటియే యైనచో జనుడు మొరపెట్టుకొనవలసిన దెవరికి? ఇవి మనుష్యునిపై ద్వేషముతో వేయు ప్రశ్నలు కావు. ప్రభుత్వమనగా నేమి యని అడుగు ప్రశ్నలు. వానికి జవాబు చెప్పలేనివారికి బెదిరింపు తప్ప మార్గము లేదు. బెదిరింపు లేఖలు రాసాగెను.

షోయబుల్లా ఒంటరి కాడు. సంస్థానమున ముస్లిములందరును రజాకార్లను బలపరచిరనుట పొరపాటు. ఆనాటి దారుణములను చూచి వెరచక నోరు విప్పిన ముస్లిం ప్రముఖులు పలువురు కలరు. 1948 ఆగస్టులో బాకర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా మొదలగు ఏడుగురు పెద్దలు కలసి, రజాకార్ల దౌర్జన్యమును ఖండించుచు, భారత యూనియనుతో కలియుటయే మేలని తెలుపుచు ఒక ప్రకటనను విడుదల చేసిరి. అట్టి ప్రకటన నచ్చువేయుటకు అప్పుడు ఎంత గుండెదిటవు కావలెనో ఊహింపుడు. ఇమ్రోజ్ దానిని ప్రకటించెను.

ఆ తరువాత కొలది దినములకే ఆబిడ్సులోని జమ్రుద్ మహల్ సినిమాశాలలో రజాకార్ల సభ జరిగెను. అది ఆగస్టు 19వ తేదీ. ఆ సభలో రజ్వీ తమకు వ్యతిరేకముగా వ్రాయు చేతులు నరకబడునను భావముతో మాటలాడెను. ఆ మాటలు నగరమున వ్యాపించెను. మిత్రులు షోయబుల్లాను హెచ్చరించిరి. కొంతకాలము వ్రాత మానుమనిరి; పట్టణము విడిచిపొమ్మనిరి. ఆయన వినలేదు. అంతకుముందు ఎట్లో అట్లే కార్యాలయమునకు పోయి, పని ముగించుకొని, రాత్రి ఇంటికి వచ్చుచుండెను.

1948 ఆగస్టు 21వ తేదీ రాత్రి. పత్రిక పని ముగిసినది. మరునాటి సంచిక అచ్చునకు పోయినది. షోయబుల్లాయు, ఆయన బావమరిదియు పత్రికలో తోడు పనిచేయువాడు నగు ఇస్మాయిల్ ఖానును కాచిగూడలోని కార్యాలయము విడిచి లింగంపల్లి చౌరస్తా వైపు నడచుచుండిరి. అర్ధరాత్రము దాటినది. వీధి నిర్మానుష్యము. వెనుకనుండి కొందరు వచ్చి షోయబుల్లాపై తుపాకి కాల్చిరి. ఆయన నేలకొరిగెను. అప్పటికిని వారి కక్ష తీరలేదు. కలము పట్టిన చేతిని కత్తులతో నరికిరి. అడ్డుపడబోయిన ఇస్మాయిల్ ఖాన్ చేతులను కూడ నరికిరి. ఇస్మాయిల్ ఖాన్ బ్రతికెను. షోయబుల్లా ఆగస్టు 22వ తేదీ తెల్లవారుసరికి కన్నుమూసెను. అప్పటికి ఆయనకు ఇరువదియెనిమిది యేండ్లయినను నిండలేదు. ఇమ్రోజ్ ఆయువు పది నెలలైనను కాలేదు.

ఆ తరువాతి కథ చరిత్రలో నున్నది. సెప్టెంబరు 13న భారత సైన్యము సంస్థానమున ప్రవేశించెను. 17వ తేదీన నైజాము లొంగిపోయెను. మరునాడు సంస్థాన సేనాని ఎల్ ఎద్రూస్, మేజరు జనరల్ చౌదరి యెదుట ఆయుధములు దించెను. షోయబుల్లా కోరిన ఐక్యము ఆయన మరణించిన నెలలోపుననే సిద్ధించెను. దానిని చూచుటకు ఆయన లేడు.

ఈ కథను ఇంతటితో నాపినచో సగమే చెప్పినవారమగుదుము. సైన్యము వచ్చిన పిమ్మట సంస్థానపు కొన్ని జిల్లాలలో పగ మరియొక వైపునకు తిరిగెను. రజాకార్లతో నెట్టి సంబంధమును లేని ముస్లిములు వేలకొలదిగా హతులైరి. ఇండ్లు, పొలములు కోల్పోయిరి. ఈ వార్తలు ఢిల్లీకి చేరగా, నిజము తెలిసికొనుటకై ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఒక సద్భావ బృందమును పంపెను. దాని నాయకుడు పండిత సుందరలాల్.

సుందరలాల్ హిందీ పత్రికారచయిత, గ్రంథకర్త. ‘కర్మయోగి’ పత్రికకు సంపాదకుడై ఆంగ్లేయుల యాగ్రహమునకు గురియైనవాడు. 1929లో ఆయన హిందీలో వ్రాసిన ‘భారత్ మే అంగ్రేజీ రాజ్’ అను బృహద్గ్రంథమును వెలువడిన కొలది దినములకే సర్కారు నిషేధించెను. ఆ బృందములో ఖాజీ అబ్దుల్ గఫార్ మరియొకడు. ఆయన హైదరాబాదుననే ‘పయామ్’ అను ఉర్దూ పత్రికను నడిపిన సంపాదకుడు. వీరు 1948 నవంబరు, డిసెంబరు మాసములలో సంస్థానపు పలు జిల్లాలలో తిరిగి, గ్రామములలో బాధితులను విచారించి, తాము చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు ప్రభుత్వమునకు నివేదించిరి. స్వాతంత్ర్యోద్యమమున కారాగారవాసము చేసిన సుందరలాల్‌కు, విజయము పొందిన స్వపక్షమును గూర్చి చేదు నిజము చెప్పుట సులభము కాదు. ఐనను ఆయన చెప్పెను. ఆ నివేదిక అనేక దశాబ్దములు బయటకు రాలేదు. నేడది చదువగోరువారికి లభించుచున్నది.

షోయబుల్లా ముస్లిం, రజాకార్ల చేత బాధపడిన హిందువుల పక్షమున వ్రాసెను. సుందరలాల్ హిందువు, పిమ్మట బాధపడిన ముస్లిముల పక్షమున వ్రాసెను. ఒకరు ఉర్దూ రచయిత, ఒకరు హిందీ రచయిత. ఈ రెండు భాషలును సంభాషణలో అక్కచెల్లెండ్రవంటివి. లిపిలో వేరు. ఈ యిరువురి పనియు అట్లే ఒక్కటి. ఎదుటివారి దోషము లెన్నుటకు గొప్ప ధైర్యము అక్కరలేదు. అది ఊరిలో ప్రతి యరుగుమీదను జరుగుచునే యుండును. తనవారు తప్పుచేసినప్పుడు తనవారి భాషలో, తనవారి యెదుట నిలిచి ‘ఇది తప్పు’ అనుటకే ధైర్యము కావలెను. అట్లు చెప్పువానిని తనవారు ద్రోహి యందురు; ఎదుటివారు పూర్తిగా నమ్మరు. పత్రికారచయితకు ఆ నడుమనే నిలువవలసిన గతి పట్టును.

కత్తి పట్టినవారు చేతిని నరికినచో వ్రాత నిలిచిపోవునని తలచిరి. కాని అప్పటికే వ్రాసిన మాటలు చదివినవారి మనస్సులలో చేరియుండెను. పత్రిక మరునాటికి పాతబడును; పొట్లములు కట్టుటకు పోవును. దానిలో వ్రాసిన సత్యము పాతబడదు. అందుచేతనే ‘నేడు’ అను పేరు గల ఆ చిన్న పత్రికను, దాని యువ సంపాదకుని, డెబ్బదియేండ్లు దాటినను మనము తలచుకొనుచున్నాము.

కోఠి నుండి కాచిగూడకు పోవు త్రోవ నేడు జనసమ్మర్దముతో, బండ్ల రొదతో నిండియుండును. ఆ త్రోవను పోవు బాలబాలికలు ఒక్క క్షణము ఆ సంపాదకుని స్మరింతురుగాక. ఏ వార్తనైనను చదువునప్పుడు, వినునప్పుడు, ఇతరులకు చెప్పునప్పుడు, ‘ఇది నిజమా? నావారిని గూర్చి యైనచో కూడ ఇట్లే చెప్పుదునా?’ అని తమ్ము తాము ప్రశ్నించుకొందురుగాక. ఆయనకు మనము చేయదగిన నివాళి యిదియే.

ప్రశ్నలు

1. రెసిడెన్సీ బజారులలో గ్రంథాలయములు, సమాజములు వెలయుటకు కారణమేమి?
2. తెలుగువారు కొందరు ఆ కాలమున ఉర్దూలో పత్రికలు నడపుట కేమి హేతువు?
3. ‘పగటి ప్రభుత్వము, రాత్రి ప్రభుత్వము’ అను మాటలలోని భావమును వివరింపుడు.
4. షోయబుల్లా ఖాన్, పండిత సుందరలాల్ చేసిన పనులలోని సామ్యమెట్టిది?
5. తనవారి తప్పును తాను చెప్పుట ఏల కష్టము? మీ యూరిలోగాని, మీ పాఠశాలలోగాని మీరెరిగిన సందర్భము నొకదానిని తీసికొని పది వాక్యములు వ్రాయుడు.